శివారు చరిత్ర: ధవళేశ్వరం ఆనకట్ట, ఏటిగట్టు, యానాం

ప్రస్తావన

గోదావరి డెల్టా చరిత్ర రాసినవారు సాధారణంగా ధవళేశ్వరం దగ్గర మొదలుపెడతారు. హెన్రీ మోరిస్ 1878లో ప్రచురించిన గోదావరి జిల్లా చరిత్ర, జార్జి వాల్ష్ 1896లో డెల్టా ఇంజనీరింగు పనుల మీద వెలువరించిన గ్రంథం, లేడీ హోప్ 1900లో తన తండ్రి ఆర్థర్ కాటన్‌ను గురించి రాసిన జీవితచరిత్ర, హెమింగ్వే 1907లో కూర్చిన జిల్లా గెజిటీరు ఈ విషయానికి ప్రధానమైన పాత ఆధారాలు. ఇవన్నీ ఆనకట్ట తలదగ్గర నిలబడి కిందికి చూసిన రచనలు. నీరు ఎంత వదిలారు, ఎన్ని ఎకరాలు సాగయ్యాయి, ఎంత శిస్తు పెరిగింది అన్నవి వీటి ప్రశ్నలు. ఆ నీరు చివరగా చేరే చోట నిలబడి పైకి చూస్తే అదే ఆనకట్ట మరొక విధంగా కనిపిస్తుంది.

అటువంటి చోటు యానాం. ధవళేశ్వరానికి దిగువన గౌతమి ఎడమ గట్టున, ఆత్రేయ అనే పేరు కూడా ఉన్న కోరంగి పాయ గౌతమి నుంచి చీలే స్థలంలో ఈ పట్టణం ఉంది. సముద్రం దగ్గరే ఉన్నందువల్ల ఇక్కడి నదిలో ఆటుపోట్లు కనిపిస్తాయి. విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. 18వ శతాబ్ది తొలి భాగం నుంచి 1954 వరకు, మధ్యలో ఆంగ్లేయులు ఆక్రమించిన కాలాలు మినహా, ఇది ఫ్రెంచివారి అధీనంలో ఉంది. నేడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. చుట్టూ ఉన్న డెల్టా మాత్రం మొదట మద్రాసు రాజధానిలోనూ, తరువాత ఆంధ్ర రాష్ట్రంలోనూ, ఆపైన ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉంటూ వచ్చింది. అంటే ఆనకట్ట కట్టిన నాటినుంచి నేటివరకు యానాం తాగే నీటికీ, పండించే నీటికీ తాళం చెవి వేరొక పరిపాలన చేతిలోనే ఉంది.

తెలుగులో ‘శివారు’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఊరి పొలిమేర ఒకటి. కాలువ చిట్టచివర నీరందుకునే భూమి మరొకటి. యానాం ఈ రెండు అర్థాలలోనూ శివారే. పొలిమేరగా యానాం చరిత్ర కొంతవరకు పరిశీలనకు వచ్చింది. నీటి శివారుగా దాని చరిత్రను ఆనకట్ట, ఏటిగట్టు, కాలువబాటల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఆనకట్టకు పూర్వం

ఆనకట్టకు ముందు గోదావరి డెల్టాలో నీటి కొరత కంటె నీటి అదుపులేమి పెద్ద సమస్య. వానాకాలంలో నది గట్లు పొర్లి పొలాలను ముంచేది. వరద తీశాక అదే నీరు సముద్రం పాలయ్యేది. ఊరి చెరువులు, వరద కాలువలు వర్షాన్ని నమ్ముకొన్నవి. 1832–33లో కరువు వచ్చింది. 1839 నవంబరులో వచ్చిన తుఫాను యానాం పొరుగున ఉన్న కోరంగి రేవును ధ్వంసం చేసింది. 1821లో 7,38,308గా ఉన్న రాజమహేంద్రవరం జిల్లా జనాభా 1841 నాటికి 5,61,041కి పడిపోయింది. చావులతో పాటు వలసలు కూడా ఈ తగ్గుదలకు కారణం.

ఈ స్థితిలో యానాం బతుకు పొలం మీద కంటె రేవు మీద ఎక్కువగా ఆధారపడింది. ఇంజరం, నీలపల్లి గ్రామాలలో ఆంగ్లేయ వర్తకస్థానాలు, వాటి పక్కనే యానాంలో ఫ్రెంచి వర్తకస్థానం ఏర్పడడానికి కారణం చుట్టుపక్కల నేతగాళ్లు నేసే బట్ట, దాన్ని ఓడకెక్కించడానికి వీలైన నదీముఖం. నీటి విషయంలో ఈ మూడు ఊళ్లకూ అప్పుడు తేడా లేదు. ఎవరి జెండా ఎగిరినా వరద అందరినీ ఒకేలా ముంచేది; వేసవిలో ఉప్పునీరు అందరి దగ్గరికీ ఒకేలా వచ్చేది. నీటిని తలదగ్గర నిలిపి పంచే కట్టడం వచ్చిన తరువాతనే ఎగువ, దిగువ అన్న మాటలకు అధికారానికి సంబంధించిన అర్థం ఏర్పడింది.

ఆనకట్ట నిర్మాణం

జిల్లా దుస్థితిని గురించి సర్ హెన్రీ మౌంట్‌గోమరీ 1844లో ఇచ్చిన నివేదిక, దాని వెనుకనే కాటన్ సమర్పించిన నివేదికలు ఆనకట్ట ప్రతిపాదనకు మూలం. కావేరి, కొల్లిడం నదుల మీద పనిచేసిన అనుభవం కాటన్‌కు ఉంది. లోతైన పునాది లేకుండా ఇసుక నేల మీదనే నిలిచిన ప్రాచీన కల్లణైని ఆయన అక్కడ చూశాడు. గోదావరి అడుగున కూడా ఇసుకే. పని 1847లో మొదలై 1852లో ముగిసింది. నదిలోని లంకలను ఆసరా చేసుకొని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, మొత్తం సుమారు 12,000 అడుగుల పొడవున కట్టడం లేచింది. రాయి ధవళేశ్వరం కొండనుంచే వచ్చింది. కలప ఎగువ అడవులనుంచి నది మీదనే దిగింది. వేలాది కూలీలను సమకూర్చి పని నడిపించడంలో వీణెం వీరన్న పాత్రను ఈ ప్రాంతం నేటికీ కాటన్ పేరుతో కలిపి తలుచుకొంటుంది.

ఆనకట్ట ఎడమ, మధ్య, కుడి భాగాలనుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలు బయలుదేరాయి. కాలువ తల దగ్గర నీటిని వదిలే తూములతో పాటు పడవలు దిగడానికి లాకులు కూడా కట్టారు. కాటన్ దృష్టిలో కాలువ అంటే సాగునీరు మాత్రమే కాదు, చవకైన రవాణా మార్గం కూడా. వైనతేయ పాయను దాటించి నగరం లంకకు నీరు చేర్చడానికి హేగ్ ఆధ్వర్యంలో గన్నవరం దగ్గర 49 కమానుల మేలుకాలువ నిర్మించారు. మధ్య డెల్టాలో నదికి ఆవలి శివారుకు నీరందించడానికి ఇంత శ్రమ పడిన సంగతి గమనించదగింది. ఆ శివారు కంపెనీ అధికార పరిధిలో ఉంది. తూర్పు డెల్టా కొసన ఉన్న యానాం ఆ పరిధిలో లేదు. అక్కడి రైతు చెల్లించే పన్ను కంపెనీ ఖజానాకు చేరదు కనుక, ఆనకట్ట లాభనష్టాల లెక్కలో ఆ భూమికి స్థానం లేదు.

అయినా నేల వాలు అధికార పరిధిని అనుసరించదు. యానాంకు నేల వైపున ఉన్నదంతా తూర్పు డెల్టాయే. పంటకాలువ నీరు ఏ పరిమాణంలో యానాం పొలాలకు చేరినా, ధవళేశ్వరం తూములు దాటి, దారిలో ఒక్కొక్క లాకూ దిగి, ఎగువ ఊళ్ల బోదెలు తీసుకోగా మిగిలి రావలసిందే. ఎగువ పొలాల మురుగు కూడా ఈ దిక్కుగానే సముద్రానికి పోవాలి. ఈ విధంగా ఆనకట్ట యానాంను డెల్టాలో ఒక భాగం చేసింది; ఆ భాగానికి పైన జరిగే నిర్ణయంలో మాట మాత్రం ఇవ్వలేదు.

ఏటిగట్టు, కాలువబాట

ఆనకట్టతో పాటు డెల్టా రూపాన్ని మార్చిన మరొక కట్టడం ఏటిగట్టు. కాలువలు, పొలాలు నిలవాలంటే నది వరదను నదిలోనే ఉంచాలి. అందుకోసం గోదావరి పాయల వెంట మట్టిగట్లను వేసి, ఉన్నవాటిని పెంచి, బలపరిచారు. గౌతమి ఎడమ గట్టు ధవళేశ్వరం నుంచి జొన్నాడ, కపిలేశ్వరపురం, కోటిపల్లి మీదుగా యానాం దిక్కుకు సాగుతుంది. వరదను ఆపడం దీని మొదటి పని. వానాకాలంలో డెల్టా అంతా బురద అయినప్పుడు ఎత్తుగా, గట్టిగా ఉండే నేల కూడా ఇదే కనుక బాటగా మారడం దాని రెండవ పని. కాలినడకన పోయేవారు, ఎడ్లబండ్లు, తరువాత సైకిళ్లు, ఇప్పుడు మోటారు వాహనాలు ఈ గట్టు మీదనే నడిచాయి. నేడు దీని భాగాలు తారురోడ్లుగా మారినా జనం నోట అది ఏటిగట్టే.

కాలువగట్లకు కూడా ఇటువంటి రెండు పనులున్నాయి. గోదావరి డెల్టాలో పడవ నడిచే కాలువలు సుమారు 500 మైళ్ళు. గాలి ఉంటే తెరచాప, లోతు లేనిచోట గడ, గాలి లేనప్పుడు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగే మనుషులు: ఈ మూడింటితో రహదారి పడవలు నడిచేవి. తాడు లాగేవారి కాళ్ల కింద నలిగి గట్టు బాట అయింది. లాకు దగ్గర పడవ ఆగిన చోట సత్రం, దుకాణం, చింతచెట్టు నీడ ఏర్పడ్డాయి. ధవళేశ్వరం నుంచి కాకినాడ రేవుకు కాలువ పడిన తరువాత డెల్టా సరుకు ఆ దారి పట్టింది. ఇసుక మేటలతో పూడుతున్న కోరంగి రేవు అప్పటికే క్షీణిస్తోంది, కాకినాడ పెరిగింది. నదీముఖాన్ని నమ్ముకొని పుట్టిన యానాం వర్తకం వెనుకబడడానికి ఈ మార్పు కూడా ఒక కారణం. అంటే ఆనకట్ట యానాం పొలానికి దగ్గరైన కాలంలోనే యానాం రేవుకు దూరమైంది.

గట్టుబాట తెచ్చిన రాకపోకలకు తెలుగు సాహిత్య చరిత్రలోనే ఒక నిదర్శనం ఉంది. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1870లో కడియంలో పుట్టారు. కడియం ఆనకట్టకు దగ్గరగా, తూర్పు డెల్టా తలభాగంలో ఉన్న గ్రామం. ఆయన బాల్యం, తొలి విద్యాభ్యాసం గడిచినది డెల్టా కొసన ఉన్న యానాంలో. కాలువ తలనుంచి శివారుకు ఒక కుటుంబం తరలిపోవడం, ఒక ప్రభుత్వం నేలనుంచి మరొక ప్రభుత్వం నేలకు మారడం ఆ కాలంలో పొరుగూరికి పోయినంత సహజంగానే ఉండేదని దీనివల్ల తెలుస్తుంది. పండితుడికి, విద్యార్థికి, పెళ్లిసంబంధానికి ఆ సరిహద్దు అడ్డు కాలేదు.

మరొక సందర్భంలో సరిహద్దే ఈ బాటల మీద జనాన్ని నడిపించింది. బాల్యవివాహాలను నిషేధించే శారదా చట్టం 1929లో వచ్చింది. ఫ్రెంచి పాలనలోని యానాంకు అది వర్తించలేదు. డెల్టా గ్రామాలనుంచి ఎన్నో కుటుంబాలు యానాం వచ్చి పెళ్లిళ్లు జరిపించుకొన్నాయి. ఊరికి కల్యాణపురం అన్న పేరు ఇందువల్లనే వచ్చిందని చెప్పుకొంటారు. ఈ ఉదంతాన్ని సాధారణంగా చట్టాల తేడాకు ఉదాహరణగా చూపుతారు. చట్టంలోని తేడాను ఒక కుటుంబం ఉపయోగించుకోవాలంటే, పెళ్లిబృందం సులభంగా పోయి తిరిగి రాగల దారి కూడా ఉండాలి. ఆ దారి కాలువలు, గట్లు ఇచ్చినదే. సంస్కరణకు తోడ్పడిన కాలువలే సంస్కరణను తప్పించుకోవడానికీ తోడ్పడ్డాయి.

సరిహద్దు తొలగిన తరువాత

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు యానాంను ఫ్రెంచి పాలననుంచి తప్పించారు. అదే ఏడాది నవంబరు 1న ఫ్రెంచి స్థావరాల పాలన భారత ప్రభుత్వానికి బదిలీ అయింది. 1956 మే 28న కుదిరిన ఒప్పందం ప్రకారం చట్టబద్ధమైన విలీనం 1962 ఆగస్టు 16న పూర్తయింది. యానాం పొరుగున ఉన్న తెలుగు జిల్లాలో కలవక, వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న పుదుచ్చేరి పాలనలోనే కొనసాగింది.

రాజకీయ చరిత్రలో ఇది ముగింపు. నీటి చరిత్రలో ఈ తేదీల వల్ల పెద్ద మార్పేమీ రాలేదు. రెండు దేశాల సరిహద్దు పోయి రెండు పరిపాలనల సరిహద్దు మిగిలింది. గోదావరి జలాల పంపిణీపై ఏర్పడిన ట్రిబ్యునల్ 1980లో తుది తీర్పు ఇచ్చింది. ఆ వివాదంలో కక్షిదారులు మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు. నది చివర నీరు తీసుకొనే యానాంకు ఆ వాదనలో ప్రత్యేక స్థానం లేదు. ఆంధ్రప్రదేశ్‌కు దక్కిన నీటిలో, తూర్పు డెల్టాకు పంచిన భాగంలో, చివరి కాలువలో మిగిలినదే యానాం వాటా. అందులో ఎవరి దురుద్దేశమూ వెతకనక్కరలేదు. శివారు భూములన్నిటి స్థితి అదే. తేడా ఒక్కటి. డెల్టాలోని ఇతర శివారు గ్రామాల రైతులు నీరు రానప్పుడు తమ జిల్లా అధికారిని, తమ శాసనసభ్యుడిని అడగగలరు. యానాం రైతు ఎన్నుకొన్న శాసనసభ్యుడు కూర్చునే సభకు ధవళేశ్వరం మీద అధికారం లేదు.

బ్యారేజి కాలం

పాత రాతి ఆనకట్ట ఒక శతాబ్దానికి పైగా పనిచేసి శిథిలం కాసాగింది. దాని స్థానంలో 1970లో మొదలుపెట్టి 1982 నాటికి కాంక్రీటు బ్యారేజి నిర్మించారు. దానికి సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టారు. ధవళేశ్వరం భాగంలో 70, ర్యాలిలో 43, మద్దూరులో 23, విజ్జేశ్వరంలో 39, మొత్తం 175 తలుపులు ఉన్నాయి. పొడవు సుమారు 3.6 కిలోమీటర్లు. దాని మీద రోడ్డు వేయడంతో ఆనకట్టే ఒక బాట అయి, రెండు గట్లనూ నడుమ లంకలనూ కలిపింది. మూడు డెల్టాలలో సుమారు 10 లక్షల ఎకరాలు దీని కింద సాగవుతున్నాయి. నిలవ సామర్థ్యం మాత్రం 2.93 టీఎంసీలే. ఇంత ఆయకట్టుకు ఇది చాలా స్వల్పం. బ్యారేజి నీటిని దాచుకొనేది కాదు, వచ్చిన నీటిని మట్టం పెంచి కాలువలకు మళ్లించేది.

ఈ సంగతి యానాంకు రెండు విధాలుగా ముఖ్యం. మొదటిది దాళ్వా కాలం. నదిలో సహజ ప్రవాహం తగ్గినప్పుడు దాళ్వా పంట సీలేరు జలవిద్యుత్ కేంద్రాలనుంచి వచ్చే నీటి మీద ఆధారపడుతుంది. ఆ నీరు తగ్గితే కాలువలకు వంతులు పెడతారు. వంతుల కాలంలో నీరు చివరగా చేరేది, ముందుగా ఆగేది శివారులోనే. అదే కాలంలో ఉన్న నీటినంతా కాలువలకు మళ్లించడానికి బ్యారేజి తలుపులు మూసి ఉంచుతారు. గౌతమిలో దిగువకు పోయే మంచినీరు తగ్గి, సముద్రపు పోటు ఎగువకు ఎగబాకుతుంది. కాలువ చివర నీరు తక్కువ, ఎదుట నదిలో నీరు ఉప్పు: ఒకే ఆనకట్ట వల్ల ఒకే ఊరికి రెండు వైపులా ఏర్పడే ఈ ఇబ్బంది ఎగువన ఉన్నవారి లెక్కలో కనిపించదు. పొరుగున ఉన్న కోరంగి మడ అడవులకు కూడా ఉప్పునీటితో పాటు మంచినీరూ కావాలి. ఆ అడవుల మేలు కూడా దిగువకు వదిలే నీటితో ముడిపడి ఉంది.

రెండవది వరద కాలం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ చేస్తారు. ఈ అంకెలు డెల్టాలో పిల్లలకు కూడా తెలుసు. వరద వచ్చినప్పుడు తలుపులన్నీ ఎత్తి, వచ్చిన నీటిని వచ్చినట్టే వదలడం తప్ప బ్యారేజికి వేరే దారి లేదు. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం దిగువకు పోయినప్పుడు యానాం మునిగింది. 2022 జూలై వరదలో మళ్లీ మునిగింది. ఏటిగట్టు ఎంత బలంగా ఉన్నా యానాం ఒక వైపు గౌతమికి, మరొక వైపు కోరంగి పాయకు ఆనుకొని ఉంది. గట్టును కాపాడే పని కూడా రెండు పరిపాలనల మధ్య విడిపోయి ఉంది. నీటికి మాత్రం ఆ గట్టు మొదటినుంచి చివరిదాకా ఒక్కటే. ఎగువన ఎక్కడ బలహీనమైనా దిగువ దాని ఫలితం అనుభవించాలి.

మాటలలో నిలిచిన ఆనకట్ట

నూటడెబ్బై ఏళ్ల ఈ చరిత్ర డెల్టా తెలుగులో ఒక పదసంపదను మిగిల్చింది. ఆనకట్ట అన్న మాట తమిళంలోని అణైకట్టుకు సోదరపదం. ఈ దక్షిణాది మాటనే ఆంగ్ల ఇంజనీర్లు ‘అనికట్’గా తమ భాషలోకి తీసుకొన్నారు. ఎదురు దిశలో లాకు ఆంగ్లంనుంచి వచ్చి పూర్తిగా తెలుగు మాట అయి, లాకులు, లాకులపేట వంటి వాడుకలతో స్థిరపడింది. తూముల గదులకు వాడే ఖానా, కాలువ కాపలాదారు లస్కరు పారసీ మూలాలు కలవి. బోదె, గట్టు, తూము, వంతు దేశ్యంగా నిలిచాయి. నీటిపారుదల శాఖ కాగితాలలో ఉన్న మాట ఒకటి, పొలం గట్టు మీద ఉన్న మాట మరొకటి కాకుండా, రెండుచోట్లా ఒకే మాట నడవడం ఈ పదజాలంలోని విశేషం.

యానాం సందర్భంలో దీనికి అదనపు ప్రాముఖ్యం ఉంది. రెండు శతాబ్దాలకు పైగా ఫ్రెంచి పాలనా భాషగా ఉన్న ఊరిలో కూడా నీటికి సంబంధించిన మాటలు డెల్టా తెలుగు మాటలే. పాలన ఎక్కడినుంచి వచ్చినా నీరు ధవళేశ్వరం నుంచి వచ్చింది. నీటితో పాటు మాటలూ అటునుంచే దిగాయి. యానాంను డెల్టాతో కలిపి ఉంచిన సంబంధాన్ని ఒప్పంద పత్రాలలో కంటె ఈ పదజాలంలో స్పష్టంగా చూడవచ్చు. డెల్టా మాండలిక సేకరణలలో నీటిపారుదల మాటలను కాలువ తలనుంచి శివారువరకు ఊరూరా పోల్చి నమోదు చేయడం చేయదగిన పని. కాలువల మీద పడవ ప్రయాణం ఆగిపోయింది. తాడు లాగడానికి, లాకు దాటడానికి సంబంధించిన మాటలు తెలిసినవారు తగ్గిపోతున్నారు.

ఉపసంహారం

ధవళేశ్వరంలో కాటన్ పేరిట ప్రదర్శనశాల ఉంది. డెల్టా ఊళ్లలో ఆయన విగ్రహాలున్నాయి. నదీస్నాన సమయంలో ఆయనను తలుచుకొనేవారూ ఉన్నారు. ఆ కృతజ్ఞత న్యాయమైనదే. 1841 జనాభా లెక్క ముందుంచుకొని ఆలోచిస్తే ఆనకట్ట ఎందరి ప్రాణాలు నిలిపిందో ఊహించవచ్చు. అయితే కృతజ్ఞత ఎక్కువగా కాలువ తలదగ్గర పుడుతుంది. శివారులో దానితో పాటు ఒక కనిపెట్టుకొని ఉండడం కూడా ఉంటుంది: ఈ ఏడు నీరు వస్తుందా, ఎన్నాళ్లు వస్తుంది, ఎవరిని అడగాలి?

యానాం చరిత్రను ఫ్రెంచి జెండా ఎగిరిన నాటినుంచి దిగిన నాటివరకు చెప్పడం ఒక పద్ధతి. ధవళేశ్వరం తూముల నుంచి ఏటిగట్టు వెంట దిగివచ్చి చెప్పడం మరొకటి. రెండవ పద్ధతిలో 1954, 1962 కంటె 1852, 1982 ముఖ్యమైన తేదీలవుతాయి. ఎగువన పోలవరం దగ్గర నడుస్తున్న నిర్మాణం రేపటి తేదీ అవుతుంది. ఆ నిర్మాణం పూర్తయిన తరువాత డెల్టాకు చేరే నీటి కాలం, పరిమాణం ఎలా మారినా ఆ మార్పు చివరగా, కొట్టవచ్చినట్టు కనిపించే చోటు యానాం. నీటి పంపిణీని గురించి జరిగే చర్చలో శివారుకు దయగా కాక హక్కుగా స్థానం ఉండాలంటే, ముందు చరిత్రలో దానికి స్థానం ఉండాలి. డెల్టా చరిత్రను కాలువ చివరనుంచి కూడా రాయడం అందుకు తొలిమెట్టు.